తాడు మర్చిపోయిన మనిషి

మా పెరట్లో నాలుగు రోజులుగా కొబ్బరి పీచు వాసన వేస్తోంది. కోనసీమలో కొబ్బరి పీచు వాసన రావడం కూడా ఒక విశేషమేనా అని మీరు నవ్వొచ్చు. నిజమేనండీ, కాలవల్లో నానేసిన కొబ్బరి డొక్కల కంపుకి ముక్కు మూసుకునేది రావులపాలెం దాటి వచ్చే చుట్టాలే గానీ మేం కాదు. కానీ ఈ వాసన వేరు. ఎండకి కాగిన ఇనప వ్యానులోంచి, పాత రెగ్జిను వాసననీ రంపప్పొట్టు వాసననీ కలుపుకుని వస్తోంది ఇది. ముప్పయ్యేళ్ళకి పైగా నేను తప్పించుకు తిరుగుతున్నది సరిగ్గా ఈ కలగాపులగం వాసన నుంచే.

వ్యాను మా అమ్మాయి షారోనుది. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ, చెక్క మీద నిలబడి కెరటాలెక్కే ఆట, అదే సర్ఫింగు, నేర్చుకుంది. బడిపిల్లల్ని తిప్పి తిప్పి అలిసిపోయిన పాత వ్యానొకటి రావులపాలెంలో దొరికితే కొని తెచ్చి మా పెరట్లో పెట్టింది. సీట్లు పీకేసింది. కిందంతా చెక్కపెట్టెలు, వాటి మీద కొబ్బరి పీచు పరుపు, ఓ మూల గ్యాసు పొయ్యి, వెనక తలుపు దగ్గర ఉప్పునీళ్ళు కడుక్కోడానికి నీళ్ళ ట్యాంకు, గోడ పొడుగునా బోర్డులు పెట్టుకునే కొక్కేలు. ఇందులోనే పడుకుని, ఇందులోనే వండుకుని, సెలవులన్నీ తీరం వెంబడి తిరుగుతుందట. మొదటి మజిలీ ఓడలరేవు. ఆ పేరు వినగానే నా చేతిలో టీ గ్లాసు ఒలికింది.

నేను పుట్టు పిరికిదాన్నండీ. ఉరుము విన్నా, బల్లి మీద పడ్డా, పోస్టుమాను సైకిలు గంట మోగినా, నా గుండె ముందు గొంతులోకి వచ్చి ఆ తరవాత సంగతేంటని కనుక్కుంటుంది. "నాకు ఈత వచ్చు కదమ్మా, ఎందుకు భయం?" అంటుంది షారోను. ఈత వచ్చినవాళ్ళ గురించే నా భయమని దానికి ఎలా చెప్పను?

మాది కొత్తపేటకి దగ్గర్లో, గౌతమి గట్టు దిగితే మొదటి వీధి. అమ్మా నేనూ ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటున్నాం. మా నాన్నగారు హైస్కూల్లో క్రాఫ్టు మేష్టారు. ఆ ఉద్యోగం ఏంటో ఇప్పటి పిల్లలకి తెలీదు. పిల్లలచేత పీటలు చేయించడం, నవారు నేయించడం, తాళ్ళు పేనించడం, పరీక్షల్లో ఎవరూ తప్పని ఆ పీరియడ్డులోనే జీవితానికి పనికొచ్చేదంతా ఉందని హెడ్మాస్టరు గారితో వాదించడం. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ పెన్సిలు ముక్కా, చెవి వెనక ఇంకో పెన్సిలు ముక్కా ఉండేవి. చర్చిలో ప్రార్థనకి తల వంచుకున్నప్పుడు కూడా కింద బెంచీ కీలు వదులైందేమోనని వేలితో నొక్కి చూసేవారు. గౌతమిని ఈ గట్టు నుంచి ఆ లంక దాకా ఈదిన మనిషని ఊళ్ళో పేరు. వాన కురిసిన రోజు ఇల్లంతా చిత్రిక పట్టిన చెక్క వాసన, ఎండ కాసిన రోజు గుగ్గిలం వాసన, ఆదివారం మాత్రం అమ్మ వండే కోడికూర వాసన. మా ఇంట్లో వారాలూ ఋతువులూ నాకు ముక్కుతోనే తెలిసేవి.

అలాంటి మనిషికి ఓ ఎండాకాలం సముద్రం పిచ్చి పట్టింది. ఏదో పెళ్ళికి ఓడలరేవు వైపు వెళ్ళి, అక్కడ చేపలుపట్టేవాళ్ళ పిల్లలు ఆడే ఆట చూసేరు. అక్కడివాళ్ళు వేటకెళ్ళే తెప్పంటే నాలుగైదు తేలికపాటి దుంగలు పక్కపక్కన పెట్టి మోకుతో, అంటే లావుపాటి తాడుతో, బిగించిందే. వేట నుంచి రాగానే కట్లు విప్పి, దుంగలు వేటికవి ఇసకలో ఆరబెట్టేస్తారు. ఆరకపోతే నీళ్ళు తాగి బరువెక్కిపోతాయి. అలా ఆరబెట్టిన వాటిలోంచి పాత చెక్కొకటి లాక్కుపోయి, దాని మీద బోర్లా పడుకుని, కెరటం వీపు మీద ఒడ్డుకి జారుకుంటూ రావడం ఆ పిల్లల ఆట. నాన్నగారు పెళ్ళి భోజనం కూడా మానేసి అక్కడే కూచున్నారట. నూకరాజుగారని ఒక వేటగాడు పరిచయమయ్యేరు. నల్లగా, సన్నగా, పది మాటలకి పదిసార్లు అండీ పెట్టి మాట్లాడే మనిషి. ఆయన దగ్గర్నుంచి విరిగిపోయిన తెప్ప దుంగలు బస్సు టాపు మీద వేయించుకుని ఇంటికి తెచ్చేరు నాన్నగారు.

ఆ వెనకాలే వ్యాను వచ్చింది. అది ఒక ఆసుపత్రి వాళ్ళు వేలం వేసిన పాత అంబులెన్సు. అయ్యబాబోయ్, ఆ రోజు నేను మంచం కిందనుంచి బైటికి రాలేదు! పక్కన ఎర్ర రంగు గుర్తు మీద నాన్నగారు నీలం రంగు రెండు పూతలు వేసినా, వాన పడితే చాలు అది మళ్ళీ తేలేది. లోపల సీసాలు తగిలించే కొక్కెం ఉండేది, రోగిని పడుకోబెట్టిన మంచం జరిపే ఇనప పట్టాలు ఉండేవి. అందులో ఎంతమంది పోయేరో అని వీధిలో పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేవారు. దాగుడుమూతల్లో అందరూ అందులో దాక్కుంటే నేను ఓడిపోయినా సరే దాని దగ్గరికి వెళ్ళేదాన్ని కాదు. మా తమ్ముడు మాత్రం ఆ పట్టాల మధ్య పడుకుని, దుప్పటి ముసుగేసుకుని, నేను అటుగా వెళ్తే "బేబక్కా..." అని మూలిగేవాడు. నన్ను ఇంట్లో అందరూ బేబీ అనేవారు.

వేసవి సెలవులు రెండు నెలలూ నాన్నగారు ఆ వ్యానుతోనే కాపరం చేసేరు. సీసాల కొక్కేనికి అరటిగెల వేలాడదీసేరు. గోడకి మడతబల్ల బిగించేరు, మూత తీస్తే పొయ్యి, మూసేస్తే అమ్మకి కూరలు తరిగే పీట. కొబ్బరి పీచు దట్టించి రెగ్జిను తొడిగి పరుపు కుట్టేరు. తెప్ప దుంగల్ని బాడితతో చెక్కి, చిత్రిక పట్టి, ముందు కొస కాస్త పైకి లేచేలా నాలుగు చెక్కలు తయారుచేసి, నూనెలో గుగ్గిలం కాచి పూసి, వాటిని రోగుల మంచం పట్టాల మీద వరసగా తోసేరు. సరిగ్గా సరిపోయేయి. ఎండ తగలకుండా వాటి మీద తెల్లదుప్పటి కప్పేరు. ఆ దుప్పటి కింద పొడుగ్గా పడుకున్న ఆ నాలుగింటినీ చూస్తే నాకు ఒళ్ళంతా చెమటలు పట్టేవి.

అన్నిటికంటే ఆఖర్న మోకు పేనేరు. కొబ్బరి పీచు నానబెట్టి, దంచి, ఆరబెట్టి, రెండు చేతుల మధ్యా పురి ఎక్కిస్తుంటే రెండో కొస పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచింది నేనే, పెరటి గోడ వీపుకి తగిలేదాకా. నా బొటనవేలంత లావున, మా వీధి పొడుగు ఉండేది. కొసన నాన్నగారు ఒక ముడి వేసేరు, మూడు పాయలు ఒకదానిలోంచి ఒకటి దూర్చి తామరమొగ్గలా బిగించే ముడి. అది ఆయన తప్ప మా ప్రాంతంలో ఎవరూ వెయ్యలేరు. ఒక కొస వ్యాను వెనక కొక్కేనికి, ఇంకో కొస నీళ్ళలోకి దిగేవాళ్ళ నడుముకి. "ఈ మోకు లేకుండా మన ఇంట్లో ఎవరూ సముద్రంలో కాలు పెట్టకూడదు. నేనైనా సరే," అన్నారు. ఆ మాట ఒక్కటే నాకు గట్టిగా గుర్తుండిపోయింది.

మొదటి ప్రయాణం క్రిస్మసు సెలవుల్లో. పాలతాళికలూ అరిసెలూ డబ్బాకెత్తుకుని, మంచు ఇంకా కాలవ మీంచి లేవకముందే బయల్దేరి, అంబాజీపేటలో ఆగి పొట్టిక్కలు కొనుక్కుని, పనసాకు బుట్టల్లో ఉడికిన ఆ ఇడ్లీల మీది పచ్చి వాసన పీలుస్తూ, అమలాపురం దాటి, సరుగుడు తోటల్లోకి వెళ్ళేసరికి చెట్ల వెనకాల హోరు వినిపించింది. రైలొస్తోందనుకున్నాను. మాకు రైలే లేదు కదా అని గుర్తొచ్చి ఇంకా భయపడ్డాను. నాన్నగారు నా నడుముకి మోకు కట్టి, చెక్క మీద బోర్లా పడుకోబెట్టి, "ఏం కాదమ్మా, నేనున్నాను" అన్నారు. ఆయనున్నారు, కెరటం కూడా ఉంది. అది నన్ను చెక్కతో సహా ఎత్తి తిరగేసింది. ముక్కులోకి, చెవుల్లోకి, కళ్ళలోకి ఉప్పు, నోట్లోకి ఇసక. ఆకాశం ఎటుందో తెలీలేదు. మోకు పట్టి లాగేరు కాబట్టి బతికేను. తమ్ముడు మాత్రం నాలుగుసార్లు ఎక్కి, ఐదోసారి కూడా అని ఏడిచేడు. ఇంటికొచ్చేక వారం రోజులు కళ్ళు మూస్తే చాలు, కింద నేల జారిపోయేది.

మళ్ళీ ఎప్పుడు అంటే ఈస్టరు మర్నాడు అన్నారు. మా చర్చివాళ్ళు ఆ సోమవారం ఎటో ఒకవైపు షికారు వెళ్ళడం మామూలే. నలభై రోజుల శ్రమకాలం అందరూ మాంసం మానేసి పండగ కోసం ఎదురుచూస్తుంటే, నేను మాత్రం ఆ నలభై రోజులు ఎప్పటికీ అయిపోకూడదని మోకరించి ప్రార్థించేను. అయిపోయేయి. మట్టల ఆదివారం కొబ్బరాకులు పట్టుకుని తిరిగేం, మంచి శుక్రవారం గంజి తాగేం, శనివారం నాన్నగారు తన చేత్తో మోకుని చుట్టచుట్టి వ్యానులో పరుపు కింది పెట్టెలో పెట్టడం చూసేను.

ఆదివారం మధ్యాహ్నం కోడి పలావు తిని అందరూ వసారాలో చాపల మీద పడి నిద్రపోతున్నారు. ముంజెలు తిన్న చేతులు జిగురు జిగురుగా ఉన్నాయి. నేను లేచేను. ఆ వ్యాను నేను ఒంటరిగా ఎక్కడం అదే మొదటిసారి. తెల్లదుప్పటి వైపు చూడకుండా, ఏసయ్యా ఏసయ్యా అనుకుంటూ పెట్టె మూతెత్తి మోకు తీసేను. బరువుకి మోయలేక ఈడ్చుకెళ్ళి, పెరటి చివర నీళ్ళపొయ్యిలోకని పోసుకున్న కొబ్బరి డొక్కల పోగులో అడుగుకంటా కూరి, పైన డొక్కలు కప్పేను. పీచులో పీచు. ఎవరికి కనపడుతుంది? నా లెక్క చాలా తేలిక. మోకు లేనిదే కాలు పెట్టకూడదు. మోకు లేదు. కాలు పెట్టం. ఇసకలో పలావు తిని ఇంటికొచ్చేస్తాం.

మర్నాడు బయల్దేరేముందు అమ్మ అడిగింది. "ఏవండీ, అన్నీ పెట్టుకున్నారా? మోకు?" "ఆయ్, నిన్నగాక మొన్నే పెట్టేనండి," అన్నారు నాన్నగారు. అమ్మని ఆటపట్టించాలంటే ఆయన అలా అండీ పెట్టి ఆయ్ అనేవారు, పెద్ద అధికారి ముందు బంట్రోతులాగా. అమ్మ నవ్వింది. నేను కిటికీలోంచి బైటికి చూస్తూ కూచున్నాను.

ఓడలరేవులో పెట్టె మూత తెరిచి నాన్నగారు అలాగే కాసేపు నిలబడిపోయేరు. పరుపెత్తేరు, అరటిగెల వెనక చూసేరు, వ్యాను కింద చూసేరు. చెవి వెనక పెన్సిలు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "మర్చిపోయేనంటే నమ్మలేకపోతున్నాను," అన్నారు తనలో తను. నాకు గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే పక్కనున్న తమ్ముడికి వినపడుతుందేమోనని దూరంగా జరిగేను. "అయితే ఇవాళ నీళ్ళలోకి లేదు," అన్నారు. నేను గెలిచేను. ఆ క్షణం మాత్రం గెలిచేను.

తమ్ముడు ఇసకలో పడి దొర్లి దొర్లి ఏడిచేడు. నాన్నగారు వాణ్ణి చూసేరు, నన్ను చూసేరు. నేను తల వంచుకుంటే పాపం ఇదీ దిగులుపడుతోంది అనుకున్నట్టున్నారు. ఒడ్డు వెంబడే కాస్త దూరం నడిచి ఒకచోట ఆగేరు. అటూ ఇటూ కెరటాలు విరిగి నురుగు కక్కుతున్నాయి గానీ, ఆ మధ్య మాత్రం వీధి వెడల్పున నీళ్ళు నున్నగా, గోదారి రేవులా ఉన్నాయి. "ఇక్కడ కెరటమే లేదు. కెరటాల్లోకి వద్దు, ఇక్కడ మోకాలి లోతులో ఆడుకుందాం. మా బేబీకి కూడా భయం ఉండదు," అన్నారు.

మా గట్టు మీద ప్రతివాళ్ళకీ తెలిసిన సంగతే అది. సుడి లేని, నురుగు లేని నున్నటి చోటు చూసి పిల్లల్ని స్నానానికి దింపాలి. కానీ సముద్రంలో కెరటం విరగని ఆ చోటే, ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ పోగై తిరిగి లోపలికి పోయే దారి. ఆ దారిలో పడితే ఎదురీదకూడదు, పక్కకి ఈదాలి. నూకరాజుగారింట్లో నాలుగేళ్ళ పిల్లకి తెలుసు ఇది. గౌతమిని ఈదిన మా నాన్నగారికి తెలీదు.

ముందు నన్నే తీసుకెళ్ళేరు, భయం పోగొడదామని. చెక్క మీద బోర్లా పడుకున్నాను, ఆయన పక్కన నడుస్తున్నారు. నిజంగానే కెరటం లేదు. మోకాలి లోతు, నడుము లోతు. "చూసేవా, ఎంత హాయిగా ఉందో," అన్నారు. నేను తల తిప్పి ఒడ్డు వైపు చూసేను. కోడిగుడ్లు ఒలుస్తూ కూచున్న అమ్మ చిన్నదైపోయింది. ఇందాక చీర మీద పువ్వులు కనపడ్డాయి, ఇప్పుడు చీరే కనపడుతోంది. నాన్నగారు నడవడం లేదు, ఈదుతున్నారు. చెక్కని ఒడ్డు వైపు తిప్పి తోస్తున్నారు, తోస్తున్నారు, అమ్మ ఇంకా చిన్నదౌతోంది. ఆయన ఊపిరి నా చెవి పక్కనే బుసలు కొడుతోంది. ఆయన మొహం చూసేను. మా నాన్నగారికి కూడా భయమేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. అంతకంటే భయమైన సంగతి నా జన్మలో ఇంకోటి తెలుసుకోలేదు.

ఒడ్డున ఎవరో పరుగెత్తుకొస్తున్నారు. నూకరాజుగారు. తలపాగా విప్పి ఒక పక్కకే ఊపుతున్నారు. "మేష్టారండీ! ఎదురెళ్ళకండీ! పక్కకండీ, పక్కకి!" ఆ కంగారులో కూడా ఆ మనిషి అండీ మానలేదు. నాన్నగారికి అర్థమయ్యేసరికి చేతుల్లో సత్తువ సగం అయిపోయింది. మిగిలిన సగంతో నా చెక్కని పక్కకి, కెరటాలు విరిగేవైపు తోసుకుంటూ తీసుకెళ్ళేరు. "బేబీ, చెక్క వదలకు. ఏం జరిగినా వదలకు. వెనక్కి చూడకు," అన్నారు. వెనక నుంచి నీళ్ళు లేచేయి. ఆయన నన్ను ఒక్క తోపు తోసేరు. చెక్క కింద సముద్రం వంగి పైకి లేచింది, నేను గాల్లో ఉన్నట్టు, ఏదో కొండ చరియ మీంచి జారుతున్నట్టు, కళ్ళు మూసుకుని, గుగ్గిలం వాసనకి మొహం అదిమేసి, అరుస్తూ ఒడ్డుకి కొట్టుకొచ్చేను. పొట్ట చీరుకుపోయింది. ఎవరో ఎత్తుకున్నారు. వెనక్కి చూసేను. నీళ్ళ మీద ఎవరూ లేరు.

తెప్ప వెయ్యాలి. తెప్ప దుంగలు వేటికవి ఇసకలో ఆరుతున్నాయి. నూకరాజుగారూ, వాళ్ళ అన్నగారూ ఒక్కో దుంగా నీళ్ళ దగ్గరికి మోసుకొచ్చి, ఒకదాని పక్కన ఒకటి చేర్చి, మోకు తిప్పి తిప్పి కడుతున్నారు. మొదటి దుంగ. రెండో దుంగ. ముడి సరిగ్గా పడక విప్పి మళ్ళీ కట్టేరు. అమ్మ చేతిలో సగం ఒలిచిన గుడ్డు అలాగే ఉంది, దాన్ని పిసికేస్తోంది, పెదాలు కదుల్తున్నాయి, మాట రావడం లేదు. ఒక్కసారి మాత్రం "మోకుంటే లాగేవాళ్ళం కదే," అంది నాతో. మూడో దుంగ. నాకు వాళ్ళ చేతుల్లో తాడు తప్ప ఇంకేం కనపడలేదు. నేను దాచినదాన్లో ముక్క చాలు, అనుకున్నాను. నేనే చంపేసేను, అనుకున్నాను. పైకి అందామంటే నాలిక కదల్లేదు.

తెప్ప వెళ్ళింది. ఎంతసేపటికో వచ్చింది. దాని మీద నాన్నగారు బోర్లా పడి ఉన్నారు, తెల్లగా, మా దుప్పటి కింది చెక్కలాగా. నూకరాజుగారు ఆయన వీపు మీద గట్టిగా చరిస్తే నోట్లోంచి సముద్రం వచ్చింది, ఆ తరవాత దగ్గు వచ్చింది. ఆ దగ్గు వినగానే అమ్మ కూలబడిపోయి బావురుమంది. ఆ దగ్గు ఆయన్ని బతికున్నన్నాళ్ళూ వదల్లేదు.

ఊపిరితిత్తులకి నెమ్ము చేసి నెలరోజులు మంచం మీదున్నారు. చూడ్డానికొచ్చినవాళ్ళందరితోనూ అమ్మ చెప్పేది: "ప్రాణమంత మోకు, ఈ మనిషి మర్చిపోయేరండీ." నా భయం ఇప్పుడు సముద్రం గురించి కాదు, డొక్కల పోగు గురించి. రోజూ నీళ్ళకాగు కింద నాలుగేసి డొక్కలు పెడతాం. పోగు రోజుకింత తరుగుతోంది. మోకు బైటపడిపోతుంది! అందుకని డొక్కలు తెచ్చే పని నేనే పెట్టుకున్నాను. అమ్మకంటే ముందే లేచి పొయ్యి రాజేసేదాన్ని. "పిల్లకి నాన్నగారి మీద ఎంత ప్రేమో," అని పక్కింటి వాళ్ళు మెచ్చుకుంటుంటే అన్నం సయించేది కాదు. ఆఖరికి పోగు మోకాలెత్తుకి దిగిపోయేక, అమ్మ చర్చిలో స్త్రీల కూడికకి వెళ్ళినప్పుడల్లా మోకుని కత్తిపీట మీద ముక్కలు కోసి, డొక్కల మధ్య పెట్టి కాల్చేదాన్ని. మా నాన్నగారి స్నానానికి నీళ్ళు ఆ మోకుతోనే కాగేయి.

కొసన ఉన్న ముడి మాత్రం కత్తిపీటకి తెగలేదు. ఆఖరి రోజు దాన్ని అలాగే పొయ్యిలో తోసేను. తామరమొగ్గలా ఎర్రగా రాజుకుంటోంది. వెనక దగ్గు వినపడింది. నాన్నగారు శాలువా కప్పుకుని, గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి నా పక్కన గొంతుక్కూచున్నారు. పొయ్యిలోకి చూసేరు. చాలాసేపు చూసేరు. చెంప దెబ్బ కోసం కళ్ళు మూసుకున్నాను. నా తల మీద ఆయన చెయ్యి పడింది, మెల్లిగా.

"చెయ్యి కాల్చుకుంటావమ్మా. కాస్త దూరంగా కూచో," అన్నారు.

ఆ సాయంత్రం ఎవరో చూడ్డానికొస్తే అమ్మ మళ్ళీ మొదలుపెట్టింది, మోకు మర్చిపోయేరని. నాన్నగారు నా వైపు ఒక్కసారి చూసి, "ఆయ్, మర్చిపోయేనండి," అన్నారు.

ఆ తరవాత వ్యాను ఎప్పుడూ సముద్రం వైపు వెళ్ళలేదు. అందులో కోళ్ళు గుడ్లు పెట్టేయి, తలుపులు తుప్పు పట్టేయి, చివరికి పాత ఇనప కొట్టువాళ్ళు ముక్కలు చేసి పట్టుకుపోయేరు. నన్ను ఒడ్డుకి తెచ్చిన చెక్క వంటింట్లో ఆవకాయ జాడీల కిందకి చేరింది. మోకు మాట మాత్రం ఇంట్లో నిలిచిపోయింది. కళ్ళజోడు కనపడకపోతే, గొడుగు చర్చిలో వదిలేసి వస్తే, కూరలోకి ఉప్పు తేవడం మర్చిపోతే, "మోకు మర్చిపోయిన మనిషి కదా!" అనేది అమ్మ. నా పెళ్ళిచూపుల్లో మా అత్తవారి ముందు కూడా అంది. అందరూ నవ్వేరు, నాన్నగారు కూడా, దగ్గుతూ. నేను చెప్పలేకపోయేను. మొదట దెబ్బలకి భయం, తరవాత అమ్మకి భయం, ఆ తరవాత ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతారేమోనని భయం. ఆసుపత్రిలో ఆయన ఆఖరి రోజుల్లో మంచం పక్కన కూచుని, "నాన్నగారూ, ఆ మోకు..." అన్నాను. "ఏ మోకమ్మా? నేను మర్చిపోయిందా?" అని కళ్ళతో నవ్వేరు. అంతే, ఇంక నన్ను మాట్లాడనివ్వలేదు.

ఇవాళ పొద్దున్న ఏం జరిగిందంటే, షారోను స్నానానికి వెళ్ళింది. బోర్డు నుంచి కాలికి కట్టుకునే తాడు ఒకటి వ్యాను మెట్టు మీద ఉంది. చూద్దామని తీసేను. కాసేపటికి చూసుకుంటే నేను పెరటి చివర ఉన్నాను, ఆ తాడు నా కొంగు కింద ఉంది. ఇప్పుడు డొక్కల పోగు లేదు, గ్యాసు బండ పెట్టే గది ఉంది. దాని తలుపు మీద చెయ్యేసి ఉన్నాను. ఇంత వయసొచ్చి, కూతుర్ని కని, పెంచి, మళ్ళీ అదే పని! పరుగు పరుగున వచ్చి తాడు ఎక్కడిదక్కడ పెట్టేసేను.

అమ్మ పెరట్లో కుర్చీలో కూచుని మనవరాలి పని చూస్తోంది. ఆవకాయ జాడీల కింది చెక్కని అడిగి తీసుకుని షారోను వ్యాను గోడకి అలమరలా బిగిస్తోంది. "తాడు పెట్టుకున్నావా?" అంది అమ్మ. "మీ తాతలా మర్చిపోకు."

"తాత మర్చిపోలేదమ్మా," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఇంకోసారి అన్నాను. "నాన్నగారు మర్చిపోలేదు. నేనే తీసి డొక్కల్లో దాచేను. సముద్రం అంటే భయమేసి."

డ్రిల్లింగు మిషను ఆగిపోయింది. అమ్మ నన్ను చూసింది. కొడుతుందనుకున్నాను. నిజంగా, ఈ వయసులో కూడా, కొడుతుందనే అనుకున్నాను.

"ఆయనకి తెలుసా?" అంది.

"తెలుసు. పొయ్యిలో కాలుతుంటే చూసేరు."

అమ్మ కుర్చీ చేతుల్ని రెండు చేతులా పట్టుకుంది. "మరి నేను అన్నప్పుడల్లా ఆయ్ అనేవారేంటే?" అంది చిన్నపిల్లలాగా. "అందరి ముందూ అన్నానే. మీ అత్తవారి ముందు కూడా అన్నానే," అంది మళ్ళీ. లేచి, గోడ పట్టుకుని, మెల్లిగా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

షారోను వ్యాను దిగి వచ్చి నా పక్కన కూచుంది. ఆ కాలితాడు తెచ్చి నా చేతిలో పెట్టి, కాలు చాపింది. నేను కట్టేను. లాగి చూసేను. మళ్ళీ లాగి చూసేను. తాళ్ళు పేనడం నేర్పే పీరియడ్డు ఇప్పుడు ఏ బళ్ళోనూ లేదు, దుంగల తెప్పలు పోయి ఫైబరు పడవలొచ్చేయి, తామరమొగ్గ ముడి వెయ్యడం నేను నేర్చుకోనేలేదు.

లోపల్నుంచి అమ్మ గొంతు వినపడింది. ఏడుస్తోందేమోనని హడలిపోయేను. ఏడవడం లేదు, నాన్నగారి ఫొటో ముందు నిలబడి తిడుతోంది. "ఒక్కసారి చెప్పొచ్చు కదండీ! ఇన్నేళ్ళు నాచేత అనిపించుకుంటారా? పిల్లని నేనేమన్నా చంపేస్తానా? బుద్ధుందా అసలు మీకు?"

అని ఆగింది. ఎప్పుడూ ఆయన జవాబు కోసం అలా ఆగడం అలవాటు ఆవిడకి. వ్యాను దగ్గర కూచున్న నేను కూడా తెలీకుండానే చెవి అటు పెట్టేను. ఇంట్లోంచి ఆయ్ అని ఎవరూ అనలేదు.